ఏం చదువుతున్నారు?

ఏలియా చెబుతున్న మాట ఆపాడు.

గుమ్మంలో ఎవరో నిలబడి ఉన్నారు.

"రావచ్చా? నా పేరు విఘ్నేశ్వర్. తెలుగు వినిపిస్తే ఆగాను."

"రండి బాబూ," అంది సరోజాదేవి. అందరినీ పరిచయం చేసింది.

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో ఉందా గది. ఎప్పుడో రైల్వేవాళ్లు భజనలకని ఇచ్చారు. భజనలు ఆగిపోయాయి. ఇప్పుడు గోడ వెంట అల్మారాలు, వాటి నిండా నవలలు. ఆదివారం సాయంత్రం నలుగురు వస్తారు. రిటైరైన గార్డు ఏలియా, తెలుగు టీచరుగా చేసిన సరోజాదేవి, నర్సు ఎమిలీ, రైల్వే ఆఫీసులో గుమాస్తా గిరిబాబు. ఎవరు చదువుతున్న నవల గురించి వాళ్లు చెబుతారు. మిగతావాళ్లు వాదిస్తారు.

తలుపు మీద నోటీసు ఉంది. ఆ వరసలోని పాత గదులు నెలాఖరులో కూలుస్తారు.

ఏలియా మళ్లీ మొదలుపెట్టాడు.

"హీరో ఎక్కిన బండి సరాసరి ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసినాది. ఔటర్‌లో ఆగింది లేదు, సిగ్నల్ చూసింది లేదు. రాసినాయన రైలెక్కినాడా అసలు?"

"ప్రేమకి సిగ్నలేటి అంకుల్," అంది ఎమిలీ. "నా నవల్లో పెళ్లికూతురు పేజీకోసారి ఏడుస్తాది. సెలైన్ పెట్టాలనిపించినాది."

విఘ్నేశ్వర్ నవ్వాడు.

"ఆ నవల్లో బండి గార్డుకి మాత్రం ఛార్జిషీటు ఖాయం."

మిగతావాళ్లు నవ్వలేదు.

"ఇక్కడికి రోజూ ఎవరైనా వస్తారా?" అని అడిగాడు విఘ్నేశ్వర్. "పుస్తకాలు ఎవరివి?"

"ఎందుకండీ?" అన్నాడు గిరిబాబు.

"ఊరికే."

లేచి గోడ మీద చెయ్యి పెట్టి చూశాడు. పైకప్పు చూశాడు. వస్తానని వెళ్లాడు.

"ఊరికేనంట," అన్నాడు ఏలియా. "ఛార్జిషీటు మాట ఊరికే నోట్లోకి వస్తాదా? ఆఫీసు మనిషే."

"గోడెందుకు తడిమినాడు?" అంది ఎమిలీ.

"కూల్చడానికి ఎంతసేపు పడతాదో సూసుకోడానికి."

గిరిబాబు తలుపు మూశాడు.

"గది భజనలకి ఇచ్చినారు. పుస్తకాలు నడుపుతున్నామని ఒప్పుకుంటే పర్మిషనేదంటారు. నెలాఖరు దాకా కూడా ఆగరు."

"కూల్చరేమో," అంది సరోజాదేవి. "చదువుకుంటున్నాం, గది ఉంచమని అర్జీ పెట్టుకున్నాం కదా. జవాబు రానీ."

"జవాబు వచ్చేదాకా నోరు మూసుకోవాలి టీచరమ్మా," అన్నాడు ఏలియా. "అర్జీ వేరు, ఎంక్వైరీ వేరు. ఎంక్వైరీలో సూత్రం ఒకటే. సూడలేదు, తెలీదు, గుర్తులేదు. నన్ను పింఛను దాకా తెచ్చింది అదే."

మరుసటి ఆదివారం అల్మారాల మీద ఎమిలీ తెచ్చిన దుప్పట్లు ఉన్నాయి.

విఘ్నేశ్వర్ చేతిలో నవలతో వచ్చాడు.

"ఈవారం ఎవరెవరు ఏం చదువుతున్నారు?"

"సదవడమేటి బాబూ," అన్నాడు ఏలియా. "కూకుంటాం. టీ తాగుతాం. పోతాం."

"పోయినవారం ఔటర్ గురించి చెప్పారు."

"అది నా డ్యూటీ సంగతి."

"హీరో కూడా ఉన్నట్టున్నాడు."

"ఆయనకి వయసైపోనాది," అంది ఎమిలీ. "డ్యూటీలో కూడా హీరోలు కనబడతారు."

విఘ్నేశ్వర్ దుప్పట్ల వైపు చూశాడు.

"వాటి వెనక?"

"భజన సామాను," అన్నాడు గిరిబాబు.

"ఏలియాగారు కూడా భజన చేస్తారా?"

"తాళం వేస్తాను," అన్నాడు ఏలియా.

విఘ్నేశ్వర్ నవల తెరిచి సరోజాదేవి వైపు తిరిగాడు.

"సగం చదివాను టీచరుగారూ. ఈ రెండో చెల్లెలు ఇంత స్వార్థపరురాలనుకోలేదు. ఇల్లు అమ్మించి తన దారిన తను పోయింది. మీరేమంటారు?"

ఆ నవల సరోజాదేవి రెండుసార్లు చదివింది. చెల్లెలు ఇల్లు ఎందుకు అమ్మించిందో చివర్లో తెలుస్తుంది. ఆమె నోరు తెరిచింది.

ఏలియా కాలు ఆమె కుర్చీకి తగిలింది.

"నాకు కళ్లు ఆనవు బాబూ," అంది.

విఘ్నేశ్వర్ నవల మూశాడు.

"ఇక్కడ ఒక్కరైనా చదువుతారా? నాకు నిజం కావాలి."

"ఎందుకో చెప్పండి," అన్నాడు గిరిబాబు.

"ముందే చెబితే మీ మాటకి విలువుండదు."

"అయితే మా దగ్గర మాటలేవీ లేవండీ."

విఘ్నేశ్వర్ కాసేపు కూర్చున్నాడు. తర్వాత వెళ్లిపోయాడు.

"తప్పించుకున్నాం," అన్నాడు ఏలియా, దుప్పటి లాగుతూ.

"ఆ పిల్ల స్వార్థపరురాలు కాదు ఏలియా," అంది సరోజాదేవి. "ఆ ఒక్క ముక్కా చెప్పనిస్తే బాగుణ్ణు."

నెలాఖరున వరసంతా కూలింది. పక్కనున్న వ్యాయామం గది ఒక్కటి మిగిలింది. పుస్తకాలు కొన్ని ఏలియా మంచం కిందికి, కొన్ని ఎమిలీ ఇంటి అటక మీదికి వెళ్లాయి. మిగతావి వానకి తడిశాయి.

గిరిబాబు ఆఫీసులో ఆరా తీశాడు. ఏలియా ఇంట్లో ముగ్గురూ ఉండగా వచ్చాడు.

"వరసలో ఒక గది ఉంచుదామనుకున్నారట. మన అర్జీ చదివి ఒకాయన మన గదే ఉంచాలని పట్టుబట్టినాడట. మనుషులు చదువుకుంటున్న చోటు కూల్చొద్దని పైవాళ్లతో పోట్లాడినాడట."

"మన తరఫున ఆఫీసులో అంత మనిషున్నాడా?" అంది సరోజాదేవి.

"నిజంగా చదువుతారో లేదో ఎవరికీ చెప్పకుండా కనుక్కోమన్నారట పైవాళ్లు. 'మేం ఏమీ చదవం' అని వాళ్లే చెప్పారని కాగితం మీద పడ్డాది. గది పోయినాది."

"ఆ కాగితం రాసింది విఘ్నేశ్వరే కదా," అన్నాడు ఏలియా. "సెప్పినానా? ఒకడు నిలబెట్టబోతే ఇంకొకడొచ్చి కూల్చినాడు."

"ఆ నిలబెట్టబోయినాయన ఎవరో కనుక్కో గిరీ," అంది సరోజాదేవి. "వెళ్లి దణ్ణం పెట్టి రావాలి."

గిరిబాబు మంచం కింది పుస్తకాల వైపు చూశాడు.

"ఇద్దరు లేరు టీచరుగారూ. ఆయనా విఘ్నేశ్వర్ గారే."