గంట తర్వాతి దెబ్బ

"పగ పెట్టుకుని నన్ను ఆపేయవు కదా?" ఎదురు కుర్చీలో కూర్చుంటూ అడిగాడు హదానో. "నువ్వు షోజి అక్కవని మావాళ్లు చెప్పార్లే."

"ఆపడానికి నేనెవర్ని? మిషన్ ఏం చెబితే అదే. వేలు ఇలా పెట్టు," అంది మిచియో.

ఆ హాల్లో బరిలోకి దిగే ప్రతి బాక్సర్‌కీ ముందు ఈ పరీక్ష తప్పదు. తలకు గట్టి దెబ్బ తగిలితే మెదడులోని కొవ్వు పదార్థాలు కొన్ని నెత్తురులోకి జారుతాయి. మిషన్ వాటిని పసిగట్టిందంటే ఎర్ర లైటే. ఆ రోజుకి ఆట లేదు.

షోజి ఆడే రోజుల్లో ఈ మిషన్ లేదు. గంట మోగి, అతను చేతులు దించాక హదానో తల మీద కొట్టాడు. గంట వినపడలేదన్నాడు, అందరూ నమ్మారు. అప్పటినుంచి షోజికి అక్క ఒక్కోసారి అక్కలాగే కనిపిస్తుంది, ఒక్కోసారి ఎదుటి ఆటగాడిలా కనిపిస్తుంది.

"ఎలా ఉన్నాడు వాడు?"

"తింటున్నాడు. మొన్న అన్నం గిన్నె విసిరాడు," అంటూ చెవి మీది జుట్టు సర్దుకుంది.

"అయితే చేతిలో పస తగ్గలేదన్నమాట," నవ్వాడు హదానో. ఆమె వేలికున్న పట్టీ చూసి, "నీకేమైంది?" అన్నాడు.

"ముల్లంగి తరుగుతుంటే తెగింది."

అతని వేలిని సూదితో పొడిచి, నెత్తురు చిన్న గొట్టంలోకి పట్టింది. రెండు రోజులుగా నిద్ర లేక ఆమె తల పగిలిపోతోంది. పగ పట్టినవాళ్లకి నిద్రెలా పడుతుందిలే అనుకుంది.

హదానో గొంతు తగ్గించాడు. "అక్కా, నీతో ఒక మాట."

"సాధనలో దెబ్బ తిని తూలిపడ్డావట. విన్నాను."

"అప్పట్నుంచీ తల దిమ్ముగా ఉంది. ఇవాళ ఆగిపోతే టైటిల్ మాట మర్చిపోవాల్సిందే. కాస్త చూడు."

మిచియో కడుపు చల్లబడింది. ఈ సాయంత్రం అతని ఎదుట నిలబడేది కోబె కుర్రాడు. వాడి ఎడమ చేతి దెబ్బంటే అందరికీ హడల్. ఈ దిమ్మెక్కిన తల మీద అది ఒక్కటి పడితే చాలు, షోజి పక్కన ఇంకో మంచం వేసినట్టే.

"నువ్వు బరిలోకి దిగాలని నీకంటే నాకే ఎక్కువగా ఉంది," అంది. "నిశ్చింతగా కూర్చో."

అటు తిరిగి, గొట్టం మిషన్‌లో పెట్టింది.

ఎర్ర లైటు వెలిగింది.

"చేసేశావు కదే!" హదానో కుర్చీని తన్నాడు. "నవ్వుతూ గొంతు కోశావు కదే!"

డాక్టర్ కుసకా పరుగున వచ్చి అంకె చూశారు. "ఆమెననకు. మిషన్‌కి పగలుండవు. ఇంత పెద్ద అంకె నేనెప్పుడూ చూడలేదు. ఈ తలకి ఇంకో చిన్న దెబ్బ తగిలినా ప్రాణం మీదికొస్తుంది. ఇంటికి కూడా కాదు, నేరుగా ఆస్పత్రికే."

ఇద్దరు పట్టుకుని హదానోను తీసుకెళ్లారు. తలుపు దాటేదాకా అతను తిడుతూనే ఉన్నాడు. మిచియో చెవి పైన జుట్టు కింద, మొన్న గిన్నె తగిలి లేచిన బొప్పిని తడుముకుంది. పచ్చ లైటు వెలగాలని ఆమె మార్చేసిన హదానో గొట్టం జేబులోనే ఉంది.

మిషన్‌లో ఉన్నది ఆమె నెత్తురు.