పచ్చదీపం వెలిగితే హాస్యమే

పేపర్లో ఎవరినైనా వెటకారం చేయాలంటే, ముందుగా వాళ్లింటికెళ్లి రాసింది చదివి వినిపించాలని అప్పటికి చట్టం వచ్చింది. విన్నవాళ్లు నవ్వితే, రాసినవాడు వెంట తెచ్చే చేతిపెట్టెలో పచ్చదీపం వెలిగేది. అంటే అది హాస్యం, అచ్చేసుకోవచ్చు. నవ్వకపోతే వేధింపు.

నాంచారమ్మ వార్డు సభలో కుళాయి నీళ్ల గురించి అడగబోయి, మైకు చూసి తడబడింది. దాని మీద ‘చురకలు’ రాసే పురుషోత్తం ఓ ముక్క రాసుకుని వచ్చాడు.

“అమ్మా, నవ్వావంటే రేపట్నుంచి వీధిలో నోరెత్తలేవు. పళ్లు బిగించుకో!” అని కూతురు సీతామాలక్ష్మి ముందే చెప్పింది.

నాంచారమ్మ ఆయనకు కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చింది. ఆయన చదివాడు: “ఆవిడ నోటికన్నా మా కుళాయే నయం, గాలైనా వదులుతుంది.”

ఆమె రాయిలా కూర్చుంది. ఆయన మళ్లీ చదివాడు. ఈసారి గొంతు తగ్గింది. చెమట తుడుచుకుంటూ, “బాగాలేదా పిన్నిగారూ?” అన్నాడు.

గుమ్మం తొక్కినవాణ్ణి చిన్నబుచ్చి పంపడం ఆమె పుట్టి ఎరగదు.

“ఎందుకు బాగాలేదు నాయనా!” అని నవ్వేసింది.

దీపం వెలిగింది. ఆయన దండం పెట్టి వెళ్లాడు.

“ఎందుకు నవ్వావే?” కూతురు తల బాదుకుంది.

“పాపం, మొహం వాడిపోయిందే వాడిది.”

పై నెల సభలో ఆఫీసరు, “నీళ్లు రానిది ఎవరికి?” అని అడిగాడు. జనమంతా నాంచారమ్మ వైపు తిరిగి కిసుక్కుమన్నారు. వాళ్ల కుళాయిలూ ఎండిపోయే ఉన్నాయి. నెలంతా బట్టీపట్టిన మాటలు మింగేసి, ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అందరికీ వస్తున్నాయని ఆఫీసరు రాసుకున్నాడు.