ఏడు కనుమల చుట్టు

“నోరు తెరువు.”

“వద్దత్తయ్యా, వాంతొచ్చేలా ఉంది.”

“వస్తే రానీ. ముందు తెరువు.”

కోడలు నోరు తెరిచింది. అత్తగారు ఉప్పద్దిన ఉడకబెట్టిన బంగాళదుంప ముక్కను లోపల కుక్కి, నీళ్లసీసా చేతికిచ్చి, వీపు మీద ఒక్కటి చరిచింది. “నములుతూ నడువు. ఇక్కడ కూలబడితే కాళ్లు కొయ్యబారిపోతాయి.”

అత్తగారు ప్రసూతి వార్డులో నర్సుగా చేసి రిటైరైన మనిషి. నొప్పులు పడుతున్న ఆడవాళ్లే ఆ గొంతుకు ఎదురు చెప్పలేకపోయేవారు. కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసుకునే కోడలెంత?

ఆ కొండదారి ఏడు కనుమలు ఎక్కించి దించి, బయలుదేరిన లాడ్జి గుమ్మానికే తిరిగి తెచ్చి వదులుతుంది. బుద్ధున్నవాళ్లు సంచులు మోసుకుంటూ నాలుగు రోజులు నడుస్తారు. ఒక్క పగటిలో చుట్టి రావాలనుకునే వెర్రివాళ్లూ కొందరుంటారు. పందెం లేదు, బహుమతి లేదు, పక్కన పోటీకి మనిషి కూడా ఉండదు. కుదిరిన రోజున ఒక్కరే పరిగెత్తుకోవడమే. అందరికంటే త్వరగా వచ్చినవాళ్ల సమయాన్ని లాడ్జి చూసుకునే తాత గుమ్మం పక్క బోర్డు మీద రంగుతో రాస్తాడు. ఆడవాళ్ల వరసలో ఉన్న సమయం కోడలు పుట్టకముందుది. పక్కన పేరు లేదు. రాయొద్దని ఆ అమ్మాయే అందట.

ఆ అంకెను దాటాలని కోడలు ఇప్పటికి రెండుసార్లు వచ్చింది. ఒకసారి పొగమంచు తిప్పికొట్టింది, ఒకసారి మడమ బెణికింది. ఈసారి దారి రోడ్డును తాకే మూడు మజిలీల్లోనూ తిండీ నీళ్లూ పట్టుకుని నిలబడాల్సింది భర్త. తీరా ముందురోజు సాయంత్రం అతనికి సబ్‌స్టేషన్లో డ్యూటీ మార్చారు.

“కారు నేను నడుపుతాలే,” అంది అత్తగారు.

కోడలి గుండె జారిపోయింది. పెళ్లయినప్పటినుంచీ ఈ పరుగుల గురించి ఆవిడ మంచి మాట అన్నది లేదు, చెడ్డ మాట అన్నదీ లేదు. తెల్లవారుజామున బూట్లు వేసుకుంటుంటే ఒక చూపు చూసి, తలుపు గడియ తీసేది, అంతే. ఆ చూపుకు అర్థమేమిటో కోడలికి ఇప్పటికీ అంతు చిక్కలేదు. పొద్దున లాడ్జి దగ్గర కూడా చలి సాకు చెప్పి ఆవిడ కారు దిగనేలేదు.

కానీ మొదటి మజిలీలో ఆ బంగాళదుంప కుక్కి పంపింది. రెండో మజిలీలో బురద ఓడుతున్న కాళ్లతో వచ్చిన కోడలికి పొడి మేజోళ్లు సిద్ధంగా కనిపించాయి.

“అక్కడ బురద ఉంటుందని మీకెలా తెలుసు?”

“గొర్రెలు తోలుకొస్తున్న ఆయన చెప్పాడు. కాలు చాపు.”

మూడో మజిలీకి వచ్చేసరికి ఎండ వాలింది. మిగిలింది ఒక్కటే కనుమ, అన్నిట్లోకీ ఎత్తయినది. కోడలు కారు పక్కన కూలబడి, మోకాళ్లలో తల దూర్చి ఏడ్చేసింది.

“నా వల్ల కాదత్తయ్యా.”

“మా వార్డులో ప్రతి ఒక్కతీ సరిగ్గా ఇక్కడే ఈ మాట అనేది. ఆ తర్వాతే బిడ్డ బయటపడేది. ఏడువు, వద్దనను. లేసులు కట్టుకుంటూ ఏడువు.”

కోడలికి ఏడుపులోనే నవ్వొచ్చింది. లేసులు బిగిస్తూ, “అయినా ఎందుకొచ్చిన గొడవ?” అంది. “ఎవరో పాపం, ఇన్నేళ్లుగా ఆ బోర్డు మీద ఉంది. నేను చెరిపేస్తే ఆవిడకెంత బాధ!”

“ఆవిడ మోకాళ్లకి ఆయింట్‌మెంట్ రాసుకుంటూ ఏ మూలనో సుఖంగానే ఉండుంటుంది. ఆవిడ సంగతి నీకెందుకు, లే.” అత్తగారు రెండు చంకల్లో చేతులు వేసి ఆమెను నిలబెట్టింది. “కనుమ దాటాక రాళ్ల మీద దూకకు. ఎడమ పక్క గడ్డిలోంచి దిగు. కిందికి చూడకు, లాడ్జి కప్పు మీదే కన్నుంచు.”

“ఇదీ గొర్రెలాయనే చెప్పాడా?”

“ఆఁ, ఆయనే. పరిగెత్తు!”

కోడలు పరిగెత్తింది. ఎక్కేటప్పుడు రెండుసార్లు చేతుల మీద పాకింది. పైన గాలి చెంపలు వాయించింది. ఎడమ పక్క గడ్డి మెత్తగా, పరుపులా పాదాల్ని పట్టుకుంది. దిగుతూ దిగుతూ ఆమెకు ఒళ్లు తేలికైపోయింది. ఎందుకో తెలియని ఆనందం గొంతు దాకా వచ్చింది. అరవై ఏళ్ల మనిషి తన కోసం పొద్దుటినుంచీ ఘాట్‌రోడ్లలో కారు తిప్పుతోంది. ఈ మాట ఇంటికెళ్లగానే భర్తకు చెప్పాలి.

లాడ్జి గుమ్మం తాకేసరికి ఇంకా వెలుతురుంది. తాత లోపలి గడియారం చూసి వచ్చి, బోర్డు చూసి, మళ్లీ లోపలికెళ్లి గడియారం చూసి వచ్చాడు.

“దాటేశావు తల్లీ! ఆడవాళ్ల వరసలో నా చేత్తో రెండోసారి రాస్తానని అనుకోలేదు!”

కోడలు మెట్ల మీద వెల్లకిలా పడిపోయి నవ్వుతోంది. అత్తగారు కారు దిగి వచ్చి, ఆమె తలను ఒళ్లో పెట్టుకుని, మొహమంతా చీరచెంగుతో తుడిచింది. ఆవిడ కళ్ల నిండా నీళ్లు, పెదవుల నిండా నవ్వు.

తాత రంగు డబ్బా పట్టుకొచ్చాడు. కుంచె ముంచబోతూ ఆగి, కళ్లద్దాలు పైకి నెట్టుకుని, అత్తగారి మొహంలోకి చాలాసేపు చూశాడు.

“నీ రికార్డు పోయిందిగా, నవ్వుతావేంటమ్మా?”