నాన్న మెచ్చిన రొట్టె

పిండి గిన్నె మీద కప్పిన తడిగుడ్డ అప్పటికే పైకి ఉబ్బింది. గంటన్నర పట్టాల్సిన పిండి గంటకే పొంగి గిన్నె అంచు దాటింది. కూతురు గబగబా చేతులు కడుక్కుంది. ఇక వాయిదా వేయడానికి లేదు.

ఆదివారం మధ్యాహ్నం. రేపు పొద్దున నాన్న మళ్లీ పనిలోకి వెళ్తాడు. ఆలోపే సంగతి తేలిపోవాలి.

ఆయన పెద్ద హోటల్లో వంటమాస్టారు. ముప్పై మంది చేసిన వంట ఆయన నాలుక దాటితేగానీ బల్లమీదకు వెళ్లదు. చాటున అందరూ ఆయన్ని 'త్రాసు' అంటారు. చెంచాతో ఇంత నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, ఏది ఎంత తక్కువైందో చెప్పేస్తాడు. ఆయన కిందే రెండేళ్లుగా పనిచేస్తున్న కూతురికీ మినహాయింపు లేదు. కీమా, చీజ్ కూరిన ఈ రొట్టెను ఆమె ఇప్పటికి తొమ్మిదిసార్లు చేసిపెట్టింది. తొమ్మిదిసార్లూ అక్షింతలే. ఒకసారి మిరియాలు ఎక్కువన్నాడు. ఒకసారి ఉల్లిపాయ పచ్చి వాసనన్నాడు. ఒకసారైతే పళ్లెం పక్కకు జరిపి లేచిపోయాడు. కన్నకూతురని మొహమాటపడే మనిషి కాదు.

నెల రోజులు జ్వరంతో మంచం పట్టి, ఈమధ్యే లేచాడు. "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అంటున్నాడు. రేపు వెళ్లగానే మూడు వందల మందికి విందు. అంతా ఆయన చేతి మీదే నడవాలి.

హోటల్లో అయితే నలుగురూ చూస్తారు. అందుకే ఇంట్లోనే చేస్తోంది.

కీమాలో నీరంతా ఇగిరేదాకా వేయించింది. సన్నగా తరిగిన ఉల్లిపాయ, వెల్లుల్లి, దంచిన మిరియాలు కలిపి చల్లార్చింది. చీజ్ బజారులో కొనలేదు. పొద్దున్నే పాలు విరిచి, గుడ్డలో మూటకట్టి, పైన బరువు పెట్టి తనే చేసుకుంది.

తల్లి చెంచా పట్టుకుని వచ్చింది. "ఏదీ, ఇంత కీమా పెట్టు, చూసి చెప్తాను."

"వద్దమ్మా."

"మళ్లీ ఆయన చేత మాటలు పడతావు. నేనైతే మెల్లగా చెప్తాను కదే!"

"నాన్న తినేదాకా ఎవరూ ముట్టుకోవద్దు. నీకు దండం పెడతాను, వెళ్లమ్మా."

"నీ పంతం తగలెయ్య! అచ్చం ఆయన పోలికే" అని గొణుక్కుంటూ తల్లి పెరట్లో బట్టలు తీయడానికి వెళ్లింది.

కూతురు పిండిముద్దల్ని వెడల్పుగా వత్తింది. మధ్యలో కీమా, దానిమీద చీజ్. అంచులు దగ్గరకు లాగి వేళ్లతో నొక్కింది. ఒకచోట పిండి చిరిగితే అతికించి, గుడ్డుసొన పూసి, నాలుగు రొట్టెలూ ఓవెన్‌లో పెట్టింది.

అద్దంలోంచి చూస్తూ నిలబడింది. పావుగంటకు రొట్టెలు బంగారు రంగుకొచ్చాయి. మూలనున్న రొట్టె అంచు ఎర్రబడింది. నల్లబడింది. ఆమె కదల్లేదు.

పెరట్లోంచి తల్లి పరుగెత్తుకొచ్చింది. "ఏదో మాడుతోందే! నిలబడి నిద్రపోతున్నావా?"

వంటింటి గుమ్మం పక్కనే కుర్చీలో పేపరు చదువుతున్న తండ్రి తలెత్తాడు. "ఏమైంది?" అన్నాడు.

"ఏం లేదు నాన్నా, అయిపోయింది" అంది కూతురు.

మాడిన రొట్టె పక్కన పెట్టి, బాగున్నది ఒకటి పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. ఆయన రెండు చేతులతో రొట్టె విరిచాడు. పొగలు లేచాయి. ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

తల్లి కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. కూతురు ఆయన పెదవులే చూస్తోంది.

ఆయన నమిలాడు. మింగాడు. ఇంకో ముక్క తీసుకున్నాడు.

"చెప్పు నాన్నా."

"ఇన్నాళ్లకు చేశావే అసలైన రొట్టె!" అన్నాడు. "ఉప్పూ కారం చక్కగా అమిరాయి. వంక పెట్టడానికి లేదు."

"నిజంగానా? సరిగ్గా చూసి చెప్పు."

"నేనెప్పుడైనా ఉత్తుత్తి మాట అన్నానా?" ఆమె వైపు చూడకుండా గబగబా రొట్టె మొత్తం తినేసి, చేతులు దులుపుకుని పేపరు తీసుకున్నాడు.

తల్లి మొహం చాటంతయింది. "ఇవాళ సూర్యుడు పడమర పొడిచినట్టున్నాడు!"

కూతురు ఖాళీ పళ్లెం తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. కుళాయి పూర్తిగా తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో వెక్కివెక్కి ఏడ్చింది.

వెనకే వచ్చిన తల్లి నివ్వెరపోయింది. "ఇదేం చోద్యమే! తిట్టినా ఏడుపే, పొగిడినా ఏడుపేనా?"

"తిడతాడనుకున్నానమ్మా. ఒక్క తిట్టు తిడితే చాలని పొద్దుట్నుంచీ మొక్కుకుంటున్నాను."

"నీకేమైనా పిచ్చా? నీ రొట్టె మెచ్చుకున్నాడే ఆయన! మీ నాన్న!"

కూతురు కళ్లు తుడుచుకుని, గుమ్మంలోంచి పేపరు వెనకున్న తండ్రిని చూసింది.

పిండిలో గానీ, కీమాలో గానీ, చీజ్‌లో గానీ ఆమె కావాలనే చిటికెడు ఉప్పయినా వేయలేదు.