ఇంకా రాని ర్యామ్

“మీ దగ్గర పెన్సిల్ రబ్బరు ఉందా?” అని అడిగింది ఫోన్లో మేడమ్.

ఉందన్నాడతను. కొండ మీది ఆ వాతావరణ కేంద్రంలో ఉండేది అతనొక్కడే. గాలి, వాన, ఎండ ఎంతెంతో చూసి కంప్యూటర్‌లో ఎక్కించడం అతని పని. కింద ఊళ్ళో అందరూ అతన్ని వానాయన అంటారు. ఆ పొద్దున కంప్యూటర్ ఆన్ చేస్తే తెర వెలగలేదు. మూడుసార్లు కీచుమని ఊరుకుంది. హెడ్డాఫీసుకు ఫోన్ చేస్తే రికార్డుల సెక్షన్ మేడమ్ ఎత్తింది. స్టోర్సూ, వారంటీ వ్యవహారాలూ కూడా తనే చూస్తోందట. కంపెనీవాళ్ళ సూచనల కాగితం ముందు పెట్టుకుని ఆమె ఒక్కో వాక్యం చదువుతోంది, ఇతను ఒక్కో పనీ చేస్తున్నాడు.

పక్క మూత విప్పాడు. లోపలున్న ర్యామ్‌ను, వేలెడంత పచ్చ పలకను, ఊడదీశాడు. దాని అంచున బంగారు రంగులో ఉన్న పళ్ళను రబ్బరుతో రుద్ది మళ్ళీ దాని గాడిలో బిగించాడు. మూడు కీచులు. పక్క గాడిలో పెట్టి చూశాడు. అవే మూడు కీచులు.

అయితే తప్పు గాడిది కాదు, ర్యామే పోయిందని తేల్చింది మేడమ్. ఐదేళ్ళ వారంటీలో ఇంకా నాలుగు నెలలు మిగిలున్నాయట. పాతది పంపిస్తే కంపెనీ కొత్తదిస్తుంది. అందాకా రోజూ ఉదయం ఎనిమిదికి, సాయంత్రం ఐదుకు అతను రీడింగులు ఫోన్లో చెప్పాలి, ఆమె రిజిస్టర్లో రాసుకుంటుంది.

ఆ కంప్యూటర్ వచ్చిన దగ్గర్నుంచీ రీడింగులు వాటంతటవే హెడ్డాఫీసుకు వెళ్ళిపోతున్నాయి. అతనికి ఎవరితోనూ మాట్లాడే పని లేకుండా పోయింది. పదిహేను రోజులకోసారి సరుకులు తెచ్చే జీపు డ్రైవరు కూడా ఇంజను ఆపకుండానే మూటలు దించి వెళ్ళేవాడు. అందుకే మొదటి రెండు రోజులూ ఫోన్లో అతనికి గొంతు పెగల్లేదు. వాడకపోతే గొంతు కూడా తుప్పు పడుతుంది కాబోలు అనుకున్నాడు.

“ఒట్టి అంకెలేనా? అక్కడ ఇంకేం లేదా?” అని మూడో రోజు ఆమే అడిగింది.

అతను ఆలోచించి, మంచు వంటగదిలోకి వచ్చేసిందనీ, టీ గిన్నె కోసం తడుముకోవాల్సి వచ్చిందనీ చెప్పాడు. మర్నాడు, వర్షమాపకంలో కాకి నీళ్ళు తాగింది కాబట్టి ఓ అర మిల్లీమీటరు ఎక్కువే వేసుకోమన్నాడు. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. కాకి తాగినదానికి రిజిస్టర్లో గడి లేదంది. ఆమె సంగతులూ కొన్ని తెలిశాయి. ఆ గదిలో ఆరు బల్లలున్నాయి. మిగతావాళ్ళంతా కొత్త భవనంలోకి మారిపోయారు. ఆమె ఒక్కతే గోడ క్యాలెండర్‌కి ఎదురుగా కూర్చుని క్యారియర్ విప్పుకుంటుంది. వానాయన ఎనిమిది కొట్టేలోపు తల దువ్వుకోవడం మొదలుపెట్టాడు. ఫోన్లో కనపడి చస్తామా అని తనను తనే తిట్టుకుని, మళ్ళీ దువ్వుకునేవాడు.

పదో రోజుకి కంపెనీ పంపిన కొత్త ర్యామ్ హెడ్డాఫీసుకు చేరింది. తన కంప్యూటర్‌లో పెట్టి చూశాననీ, చక్కగా పనిచేస్తోందనీ చెప్పింది మేడమ్. స్వయంగా తనే సర్ది, టేపు మీద సంతకం కూడా పెట్టి పంపుతోందట. మంచిదేనండీ అన్నాడు. ఆ పూట భోజనం సయించలేదు.

మూడు రోజులకు కొరియర్ మనిషి రెండొందల మెట్లూ ఎక్కి వచ్చాడు. రొప్పుతూ సంతకం పెట్టించుకున్నాడు. మంచినీళ్ళు తాగి, గ్లాసు కడిగి బోర్లించి మరీ వెళ్ళాడు. వానాయన ఆ పెట్టెను బీరువా మీద పెట్టాడు.

సాయంత్రం ఆమె అడిగింది. “వచ్చిందా?”

“ఇంకా రాలేదండీ.”

అవతల పెద్ద ఊపిరి వినిపించింది. పాపం, నిరాశపడింది అనుకున్నాడు.

తర్వాత రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. తను సంతకం పెట్టిన రసీదు తిరిగి ఆమె బల్ల మీదికే చేరుతుందని అతనికి తెలుసు. ఇవాళ అడిగేస్తుంది, ఇవాళ కడిగేస్తుంది అని గుండె చిక్కబట్టుకునే నంబరు తిప్పేవాడు. ఆమె అడగలేదు. ఏ కాగితాల కిందో పడిపోయి ఉంటుందని సర్దిచెప్పుకున్నాడు.

అలా మూడు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం ఆమె గొంతు బొంగురుపోయి ఉంది. పార్సెల్ ఏమైందని ఆఫీసరు నిలదీశారట. కొరియర్ మనిషే పోగొట్టాడని ఫిర్యాదు రాసి తెమ్మన్నారట.

“ఆ కొరియరాయన ఉద్యోగం పోతుందండీ. నాకు రాయడానికి చెయ్యి రావడం లేదు.”

గ్లాసు కడిగి బోర్లించిన మనిషి కళ్ళముందు మెదిలాడు. వానాయన ఇక తట్టుకోలేకపోయాడు.

“రాయకండి. వచ్చింది. ఇవాళే వచ్చింది.”

అవతల రిజిస్టర్ మూసిన చప్పుడైంది.

“తెరిచారా?”

“లేదండీ. ఇప్పుడే బిగించేస్తాను. రేపట్నుంచి రీడింగులు వాటంతటవే వచ్చేస్తాయి. మీకీ శ్రమ ఉండదు.”

“శ్రమేముంది” అందామె. తర్వాత బాగా మెల్లగా, “తెరిచాక నా మీద కోపం తెచ్చుకోకండి” అని ఫోన్ పెట్టేసింది.

కోపం దేనికో అతనికి బోధపడలేదు. బీరువా మీంచి పెట్టె దించి దుమ్ము తుడిచాడు. టేపు ఎక్కడా చెక్కుచెదరలేదు. దాని మీద నీలం సిరాతో ఆమె సంతకం వేసింది వేసినట్టే ఉంది. అది తెగకుండా చుట్టూ బ్లేడుతో కోశాడు. రేపు ఎనిమిదింటికి తల దువ్వుకోనక్కర్లేదు అనుకుంటూ, పైనున్న స్పాంజి ముక్క తీశాడు.

పెట్టెలో ర్యామ్ లేదు.