కట్ చెప్పని డైరెక్టరమ్మ

“నడువుండ్రి” అంది మనోరమ.

మాణిక్ నడిచాడు. సందు చివర కరెంటు స్తంభం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, ఫోను పట్టుకుని నిలబడ్డ భార్య దాకా వచ్చాడు. ఇది ఐదోసారి.

“మళ్ల.”

“ఇంకెన్నిసార్లే? ఒక డైలాగియ్యి, ఒక ఫైటియ్యి! పొద్దటిసంది ఉత్తగ నడిపిస్తున్నవ్!”

“కెమెరా దిక్కు చూడకుండ్రి. చేతులు ఊపుకుంట నడువుండ్రి.”

“ఊపుతున్న గదనే!”

ఊపుతూనే ఉన్నాడు మరి, ఆయన లెక్కలో.

మాణిక్ బాధ మాణిక్‌ది. జహీరాబాద్ బజారులో ఇరవై ఎనిమిదేళ్లుగా ఒకరి కొట్లో చీరలు విప్పి చూపించడం, మడతపెట్టడం, ఇదే బతుకు. ఎనిమిదో తరగతిలో ఒక్కసారి రాజు వేషం వేశాడు. ఆ చప్పట్లు ఆయన చెవుల్లోంచి ఇంకా పోలేదు. అలాంటివాడి దగ్గరికి మొన్న బుధవారం భార్య వచ్చి, “హైదరాబాదుల ఫోన్‌తోటి తీసే చిన్న సినిమాల పోటీ ఉందంట. నేను తీస్త, మీరే హీరో” అంది. అంతే, ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు మహానుభావుడు. యాభై మూడేళ్లకు పిలుపొచ్చింది. ఇది తప్పితే ఇక చచ్చేదాకా చీరలే.

మనోరమకైతే ఫోను పట్టుకోవడమే కొత్త. మొన్నటిదాకా ఆమె ఫొటో తీస్తే మనుషులకు తలకాయలుండేవి కావు. నాలుగు రోజులుగా పనులన్నీ పక్కన పడేసి అదే పనిగా నేర్చుకుంది. కెమెరా అద్దం కొంగుతో తుడవాలి. ఫోను అడ్డంగా పట్టాలి. వెలుతురు మన వీపు వెనక ఉండాలి. మోచేతులు పక్కలకు ఆనించుకుంటే బొమ్మ కదలదు. జూమ్ చెయ్యకూడదు, మనమే దగ్గరికి నడవాలి.

“ఇయ్యాల ఆరుకల్ల పంపాలె. తప్పితే మళ్ల మూడు నెలలదాక చూడరంట” అంది పదోసారి.

మాణిక్ లోపలికి పరుగెత్తి నల్లద్దాలు పెట్టుకొచ్చాడు.

“తీసెయ్యుండ్రి. కండ్లు కనపడాలె.”

“పౌడరన్న రాసుకుంటనే.”

“వద్దు.”

“వెనకంగ మంచి పాటనన్న పెట్టు.”

“పాట గీట ఏం వద్దన్నరు. ముక్కలు గూడ కొయ్యొద్దన్నరు. ఉన్నదున్నట్టు పంపాలె.”

“దిక్కుమాలిన పోటీ! నవ్వాల్నా, ఏడ్వాల్నా, అదన్న చెప్పు.”

“నవ్వుండ్రి.”

“నవ్వుతున్న!”

మనోరమ తెరకేసి చూసింది. మాణిక్ కూడా తొంగిచూశాడు. తెరమీద మొహం కొత్తగా వచ్చిన ఎస్సైలా బిగుసుకుని ఉంది. “చూసినవా, ఎంత సీరియస్‌గ ఉన్ననో! గదే హీరో అంటే” అని మురిసిపోయాడు.

ఎదురింటి దర్జీ అబ్దుల్ సమద్ మిషను ఆపేసి గడపలో కూర్చున్నాడు. “క్యా బాత్ హై మాణిక్ భాయ్! పెద్ద హీరో అయినంక జర మమ్మల్ని గూడ యాది పెట్టుకో!”

“నీ దగ్గర్నే సూట్ కుట్టించుకుంట, ఫికర్ జెయ్యకు!”

“గొంతు పెంచుండ్రి, వినపడ్త లేదు” అంది మనోరమ.

“నీ ఫోన్‌కే చెవుడు.”

తర్వాత కుర్చీ వేసి కూర్చోమంది. చేతులు ఆన్చకుండా లేవమంది. రెండు ప్రయత్నాలకు లేచాడు. కుర్చీ మరీ కిందికుందని దాన్ని నాలుగు తిట్టాడు. ఉత్తరం రాసే సీనన్నది. రాశాడు.

“చివరికొచ్చేసరికి చీమల లెక్క రాసిన్రు.”

“హీరో తొందరల ఉన్నడే. అట్లనే రాస్తడు.”

ఆఖరికి జొన్నల డబ్బా మీద ఫోను నిలబెట్టి, ఆయన చేతులు రెండూ ఒళ్లో పెట్టించింది. ఫోను చేతులకేసే తిప్పింది.

“మొహం తియ్యక చేతులెందుకే?”

“చేతులు గూడ యాక్టింగ్ చెయ్యాలె. కదలకుండ కూసోండ్రి.”

కుడిచెయ్యి సన్నగా వణుకుతోంది. మాణిక్ సిగ్గుపడి దానిమీద ఎడమచెయ్యి కప్పాడు. కెమెరా ముందు కొత్తవాళ్లకు ఆమాత్రం బెదురు ఉండదా ఏంటి? మనోరమ వచ్చి ఎడమచెయ్యి తీసి పక్కన పెట్టింది. తర్వాత అద్దం తుడుస్తానని అటు తిరిగి, తుడిచిన అద్దమే చాలాసేపు తుడిచింది.

ఐదూ నలభైకి పంపింది. తెరమీద సున్నా తిరిగింది, తిరిగింది, ఆగింది. మనోరమ ఉస్సురని రొట్టెల పిండి కలపడానికి లోపలికెళ్లింది.

మాణిక్ ఆ ఫోను తీసుకుని సందులో అటూ ఇటూ తిరగడం మొదలెట్టాడు. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే కూర్చోవాలనిపిస్తోంది. సెలెక్టయితే కొట్టు సేటుకు ఏ మాట చెప్పి మానెయ్యాలో కూడా ఖాయం చేసుకున్నాడు.

ఏడు కొట్టకముందే టింగుమంది ఫోను.

మనోరమ పిండిచేతులతోనే ఉరికొచ్చింది. “ఇటియ్యుండ్రి! నేను చూస్త, ఇటియ్యుండ్రి!”

“జా జా! నా సెలెక్షన్ నేనే చదువుకుంట!” మాణిక్ ఫోను ఆమెకు అందకుండా పైకెత్తి పట్టుకున్నాడు.

“జోర్‌గ చదువు భాయ్, గల్లీ అంత వినాలె!” అన్నాడు సమద్.

మాణిక్ కళ్లజోడు సర్దుకున్నాడు. స్టేజీ మీద రాజులా గొంతు సవరించుకుని అందుకున్నాడు.

“అమ్మా, వీడియో చాలా బాగా తీశారు, మీరు భయపడినట్టే ఇవి వణుకుడు జబ్బు లక్షణాలే, మీవారు ఇంకా దవాఖాన గడప తొక్కనని మొండికేస్తుంటే షూటింగ్ ఉందని చెప్పయినా సరే రేపు పొద్దున నా దగ్గరికి తీసుకురండి, ఇట్లు షగుఫ్తా, నరాల డాక్టర్.”