ఎడమ భుజం

మా తమ్ముడు ఫ్రాన్సిస్ రోజూ పొద్దున ఛాయ్ కంటే ముందు ఒక నగ్న పురుషుణ్ణి గీస్తాడు. కోరికతోనే గీస్తాడు. వాడు మగవాళ్లనే ప్రేమిస్తాడన్నది మా ఇంట్లో పాత వార్త. జువాలజీ పాఠాలు చెప్పినదాన్ని, నాకు సిగ్గు లేదు. తప్పు మాత్రం కనబడుతుంది.

“ఎడమ భుజం కిందికి జారింది. దిద్దురా.”

“అది గట్లనే ఉంటదక్కా.” ఏళ్ల తరబడి ఇదే జవాబు.

ఈ పొద్దున గేటు దగ్గర ఒక నెరిసిన మీసాలాయన నిలబడ్డాడు. “టోపీ సార్ ఉన్నడా?”

ఎయిడ్స్ భయం కొత్తగా వచ్చిన రోజుల్లో, ఎనుమాముల మిర్చి మార్కెట్ యార్డులో హమాలీలకు, లారీ డ్రైవర్లకు మా వాడు కండోములు పంచాడు. ఆ మాట అనలేక వాళ్లు టోపీ అన్నారు. చివరికి అది వీడి పేరైంది.

ఫ్రాన్సిస్ బయటికొచ్చి, చేతిలోని పెన్సిల్ జారవిడిచాడు. “ఉప్పలయ్యా! ఇన్నేండ్లకు తొవ్వ యాదికొచ్చిందా?”

“మూటలు మోసుడు బంద్ చేసిన సార్. ఒక్కన్నే అయిన. ఉండుమంటే నీ తాన ఉంట.”

మా వాడు గేటు బార్లా తీశాడు. “లోపలికి రా. ముందుగాల అంగీ ఇప్పు,” అన్నాడు.

“అప్పుడు తొడుక్కోమంటివి, ఇప్పుడు ఇప్పుమంటానవ్!”

నవ్వుతూనే విప్పాడు. నేను మొహం తిప్పుకోలేదు. మిరప బస్తాలు మోసి మోసి, అతని ఎడమ భుజం రెండు వేళ్లు కిందికి దిగి ఉంది.

“ఒరేయ్, భుజం దిద్దకు,” అనేసి, ఛాయ్ గిన్నెలో ఇంకో గ్లాసు నీళ్లు పోశాను.